ఒకే కొలత పూసలు

పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో పని చూసినవారికి ఈ వ్యాసంలో సగం ముందే తెలిసినట్టే. కర్రపెండలం దుంపను తురిమి, పిండిపాలు తీసి, తేరనిచ్చి, ఆ తడి పిండిని గుడ్డలో వేసి ఊపుతారు. ఊపేకొద్దీ పిండి పూసలు కడుతుంది. తర్వాత జల్లెడ పడతారు. లావు పూస ఒకవైపు, నూక ఒకవైపు పోగా కొలతకు నిలిచింది పెనం మీద వేగి, ఎండలో ఆరి బజారుకు వస్తుంది. కొలత తప్పింది మళ్లీ పిండిలో కలుస్తుంది. పిండిపదార్థం కూడా పాలిమరే. గ్లూకోజు అణువులు వరసగా గొలుసు కడితే అయ్యే బృహదణువు అది. మనం పాయసంలో వేసుకునేది పాలిమర్ రేణువులనే. ఊపి, జల్లించి, తప్పినదాన్ని మళ్లీ పిండి చేసే ఆ పద్ధతికి ఏ లోటూ లేదు, పూసలో పిండి తప్ప మరొకటి లేనంతకాలం.

ఆ పూసలో క్యాన్సర్ మందు ఉంటే? వేడి తగిలితే చెడిపోయే ప్రోటీను ఉంటే? బతికున్న కణమే ఉంటే? అప్పుడు వేయించడం కుదరదు, తప్పినదాన్ని తిరిగి కలపడం అంతకన్నా కుదరదు. ఈ చిక్కు తీరుస్తామని, చిప్పు మీది సన్నని కాలువల్లో ద్రవాలను నడిపే మైక్రోఫ్లూయిడిక్స్ రంగం పాతికేళ్లుగా రెండు మాటలు ఇస్తోంది. పూసలన్నీ ఒకే కొలతలో వస్తాయన్నది మొదటిది. పూసలో దాచిన పదార్థం నలగకుండా, మాడకుండా, చావకుండా సౌమ్యంగా పని జరుగుతుందన్నది రెండోది. ఈ రెండింటినీ జంటగా చెప్పడం పరిశోధన పత్రాలకు అలవాటైపోయింది. నా పేచీ ఆ జంట దగ్గరే. మొదటి మాట చిప్పు నిలబెట్టుకుంటుంది. రెండో మాట ఇవ్వడానికి చిప్పుకు అధికారం లేదు.

ముందు పాత పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ల్యూప్రోలైడ్ అనే మందును నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్‌గా మలిచింది జపాన్ కంపెనీ టకెడా. 'లుప్రాన్ డిపో' పేరుతో 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అందులోని పూసలు పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేసినవి. ఒంట్లో నెమ్మదిగా కరిగి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది కాబట్టి కుట్లు వేసే దారానికి కూడా వాడే రకం అది. తయారీ వినడానికి సులువు. మందు కలిపిన నీటిని పాలిమర్ కరిగించిన డైక్లోరోమీథేన్‌లో వేసి చిలుకుతారు. ఆ చిలికినదాన్ని మళ్లీ నీళ్లలో పోసి చిలుకుతారు. డైక్లోరోమీథేన్ ఆవిరైపోగా బొట్లు గట్టిపడి పూసలవుతాయి. జల్లించి, కడిగి, ఆరబెడతారు. కవ్వం పద్ధతే. పూసల వ్యాసాల్లో తేడా పాతిక శాతం దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. అయినా ఆ మందు మూడున్నర దశాబ్దాలుగా రోగులకు పనిచేస్తోంది. ల్యూప్రోలైడ్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు కనుక ఆ చిలుకుడును తట్టుకుంది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను.

ఇక చిప్పు సంగతి. బూందీ దూసే గరిటెను తలుచుకోండి. కన్నాలన్నీ ఒక్కటే అయినా బూందీ అంతా ఒక్కలా రాదు. పిండి జారు, చెయ్యి ఊపు, నూనె మీద ఎత్తు అన్నీ దానిలో వేలు పెడతాయి. మైక్రోఫ్లూయిడిక్ చిప్పు చేసేది ఆ మూడింటినీ కట్టిపడేయడం. వెంట్రుక మందం కాలువలో ఒకవైపు నుంచి పాలిమర్ ద్రావణం, అడ్డంగా నూనె వస్తాయి. అంత సన్నని కాలువలో సుడి పుట్టదు, ప్రవాహం పొరలు పొరలుగా నడుస్తుంది. కూడలి దగ్గర నూనె ఒత్తిడి ద్రావణాన్ని లాగుతుంది, తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. రెండూ సరితూగిన క్షణాన బొట్టు తెగుతుంది. మరుక్షణం అదే లెక్క, అదే బొట్టు. స్టీఫెన్ క్వేక్ బృందం 2001లో టీ ఆకారపు కూడలితో దీన్ని చూపించింది. నూనె రెండు పక్కల నుంచి నొక్కే 'ఫ్లో ఫోకసింగ్'ను స్పెయిన్‌లో గన్యాన్ కాల్వో 1998లోనే సన్నని జెట్‌ల కోసం వివరించాడు, 2003 నాటికి అది చిప్పులోకి వచ్చింది. 2005లో యూజీనియా కుమషేవా, జార్జ్ వైట్‌సైడ్స్ బృందాలు ఆ బొట్లను కాలువలోనే గట్టిపరచి గోళాలు, బిళ్లలు, కడ్డీలు చేసి చూపించాయి. వ్యాసాల్లో తేడా అయిదు శాతం లోపు. జల్లెడతో పని లేదు.

ఈ సమానత అలంకారం కాదు. 50 మైక్రాన్ల పూస పక్కన 100 మైక్రాన్ల పూస పెడితే కంటికి రెండింతలు, కడుపులో మందు ఎనిమిదింతలు. లోపలి మందు బయటికి ఊరి రావడానికి పట్టే కాలం స్థూలంగా వ్యాసపు వర్గంతో పెరుగుతుంది. కాబట్టి నలుసులాంటి పూసలు మొదటి రోజే ఖాళీ అవుతాయి. వైద్యులు భయపడే 'తొలి పోటు'లో వాటి వాటా చాలా ఉంటుంది. 2009లో వైట్‌సైడ్స్, రాబర్ట్ లాంగర్ తదితరులు బుపివకేన్ అనే మత్తుమందుతో దీన్ని నేరుగా పరీక్షించారు. సగటు కొలత ఒకటే అయినా, చిప్పులో చేసిన సమాన పూసల నుంచి తొలి పోటు తక్కువగా, విడుదల నెమ్మదిగా వచ్చింది. సగటు చూసి మోసపోకూడదని దీనికన్నా బాగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు.

అయితే సమానత దానంతట అదే వరం కాదు. కోరీ బెర్క్‌లాండ్, డానియెల్ ప్యాక్ బృందం సమాన పూసలను చేసి, వేర్వేరు కొలతలవాటిని తగుపాళ్లలో కలిపి, రోజూ ఒకే మోతాదు మందు విడుదలయ్యేలా చేసింది. మిశ్రమమే మందయింది. మిశ్రమం చెడ్డది కాదు, మన చేతిలో లేని మిశ్రమం చెడ్డది. హైదరాబాద్‌కు ఇక్కడ ఇంకో పాఠం ఉంది. జెనరిక్ మందు చేసేవారు మూలమందు ఎలా విడుదలవుతుందో అలాగే విడుదలయ్యేలా చేయాలి. ఆ మూలమందు కవ్వంలో పుట్టిన చిన్నా పెద్దా పూసల గుంపు. చిప్పుతో చేసిన చక్కటి సమాన పూసలు దానితో సరిపోలకపోవచ్చు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఒక కంపెనీ రియాక్టరునే నమ్ముకుంటే అది వెనకబాటు అనుకోనక్కర్లేదు, ఈ లెక్క ఉండవచ్చు.

ఇప్పుడు సౌమ్యత. సమానత, సౌమ్యత రెండూ వేరని చూపడానికి చరిత్రలో రెండు చక్కని సాక్ష్యాలున్నాయి.

మొదటిది నార్వేలోని ట్రాన్‌హైమ్‌ది. కొన్ని మైక్రాన్లు దాటిన సమాన పాలీస్టైరీన్ పూసలు భూమి మీద చేయడం కష్టమని 1970లలో అనుకునేవారు. ఎదుగుతున్న పూస బరువెక్కి కిందికి దిగుతుంది లేదా పైకి తేలుతుంది, కలిపితే పూసలు అంటుకుపోతాయి. అందుకే అమెరికాలో లీహై విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం నాసా అంతరిక్ష నౌకలో, బరువు తెలియనిచోట, పూసలు పెంచింది. ఆ పది మైక్రాన్ల పూసలను అమెరికా ప్రమాణాల సంస్థ 1985లో కొలత ప్రమాణంగా అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై అమ్ముడైన తొలి సరుకు అదే. ఈలోగా ట్రాన్‌హైమ్‌లో జాన్ ఉగెల్‌స్టాడ్ నేల మీదే, మామూలు పాత్రలోనే, చిన్న పూసలను రెండు దశల్లో ఉబ్బించి అదే సమానత సాధించాడు. అయస్కాంత గుణం అద్దిన ఆ పూసలే నేడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో కనిపించే 'డైనాబీడ్స్'. చిప్పు లేదు, కాలువ లేదు. కానీ స్టైరీన్‌ను పాలిమర్ చేయడానికి వేడి కావాలి. బతికున్న కణం ఆ పాత్రలో నిలవదు. సమానత ఉంది, సౌమ్యత లేదు.

రెండో సాక్ష్యం నాకు మనసుకు దగ్గరిది, ఎందుకంటే అందులో మంచి పని ఓడిపోయింది. పిల్లల ఎదుగుదల లోపానికి ఇచ్చే గ్రోత్ హార్మోను 191 అమైనో ఆమ్లాల ప్రోటీను. ల్యూప్రోలైడ్‌లా చిలుకుడు తట్టుకోదు. నీరు, నూనె కలిసే అంచు మీద అది మడతలు విప్పుకుని పాడైపోతుంది. ఆల్కెర్మిస్, జెనెన్‌టెక్ కంపెనీలు దీనికి ఎంతో ఓపికగా దారి వెతికాయి. హార్మోనును జింకుతో కట్టి, పొడిగానే పాలిమర్ ద్రావణంలో కలిపి, ద్రవ నైట్రోజన్ చలిలోకి చిమ్మి, గడ్డకట్టిన బొట్ల నుంచి చల్లని ఆల్కహాలుతో ద్రావణిని లాగేశాయి. నీళ్ల అంచు లేదు, వేడి లేదు. 'న్యూట్రోపిన్ డిపో'కు 1999 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రోజూ సూది పొడిపించుకునే పిల్లలకు నెలకు ఒకటో రెండో సూదులతో సరిపోయేది. 2004లో కంపెనీలు దాన్ని ఆపేశాయి. తయారీకి పట్టే వనరుల భారం మోయలేమన్నాయి. అక్కడ సౌమ్యత ఉంది, చిప్పు లేదు. ఆ సౌమ్యతకు కట్టాల్సిన ధరే దాన్ని ముంచింది.

మరి చిప్పులో సౌమ్యత ఎక్కడి నుంచి వస్తుంది? కొంత నిజంగానే చిప్పుది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు కింద ఒక్కో బొట్టూ మళ్లీ మళ్లీ చీలుతుంది, వేడెక్కుతుంది. చిప్పులో అది ఒక్కసారే తెగుతుంది. ప్రోటీనుకు ఇది పెద్ద మేలు, దీన్ని తక్కువ చేసి చెప్పను. కానీ బొట్టు తెగడం పనిలో సగమే. దాన్ని గట్టిపరిచేది రసాయనం. పీఎల్‌జీఏ అయితే చిప్పు దాటాక కూడా డైక్లోరోమీథేన్ బొట్టులోనే ఉంటుంది, గంటలపాటు ఆరుతుంది. బొట్టు ఎంత నెమ్మదిగా పుట్టినా, ఆ గంటల్లో ప్రోటీను పడే పాట్లు పాత్రలోవే.

అందుకే కణాల పని చేసేవారు ఆల్జినేట్ వైపు వెళ్లారు. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పాలిమర్ గది వేడిలో, నీళ్లలో, కాల్షియం తగలగానే గడ్డకడుతుంది. 1980లో లిమ్, సన్ ఇద్దరూ ఇన్సులిన్ ఊరే ప్యాంక్రియాస్ దీవులను ఆల్జినేట్ పూసల్లో పొదిగి ఎలుకల్లో పెట్టి చూపించారు. ఇంతకన్నా సౌమ్యమైన గట్టిపాటు దొరకడం కష్టం. తీరా దాన్ని చిప్పులోకి తెస్తే కొత్త చిక్కు. కాల్షియం తగిలీ తగలగానే గడ్డకట్టడంతో కూడలి మూసుకుపోతుంది, బొట్టుకు తోక మొలుస్తుంది. కాబట్టి కాల్షియాన్ని ముందు తాళం వేసి లోపలికి పంపుతారు, కాల్షియం కార్బొనేట్ పొడిగానో ఈడీటీఏ పట్టులోనో. బొట్టు తెగాక నూనెలోని ఆమ్లం లోపలికి ఊరి ఆ తాళం తీస్తుంది. గోళం నున్నగా వస్తుంది. కానీ ఆ కాసేపు కణం పుల్లటి నీళ్లలో ఉంటుంది. త్వరగా తీసి కడిగితే బతుకుతుంది, ఆలస్యమైతే లేదు. ఇక్కడ సౌమ్యతను గడియారంతో కొలవాలి, థర్మామీటరుతో కాదు.

కాంతితో గట్టిపరిచే జెల్‌ల కథా ఇలాంటిదే. వేడి అక్కర్లేదు, క్షణాల్లో పని అవుతుంది. అయితే కాంతి పుట్టించే రాడికల్స్ పాలిమర్ గొలుసులను కలిపే చేత్తోనే డీఎన్ఏనూ, ప్రోటీన్లనూ కొరుకుతాయి. ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను మింగుతుంది కాబట్టి పీడీఎంఎస్ రబ్బరు గోడల పక్కన పలుచటి పొర గట్టిపడకుండా మిగులుతుంది. పూస గోడకు అంటుకోకుండా ఈ పొరే కాపాడుతుందని 2006లో ఎంఐటీలో ధనంజయ దెందుకూరి, ప్యాట్రిక్ డోయల్ బృందం చూపించింది. అదే ఆక్సిజన్ మరీ చిన్న బొట్టును గట్టిపడనీయకుండా సతాయిస్తుంది. పీడీఎంఎస్ ప్రస్తావన వచ్చింది కనుక చెప్పాలి, చవకగా చిప్పులు పోసే ఆ రబ్బరు డైక్లోరోమీథేన్‌లో ఉబ్బిపోతుంది. మందు పూసలు కావాలంటే గాజుకో సిలికాన్‌కో మారాలి, ఖర్చూ మారుతుంది.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది నూనె. కణాలకు హాని చేయని, ఆక్సిజన్ బాగా మోసే, జెల్‌తో కలవని నూనె కావాలని ఈ రంగం ఫ్లోరిన్ నూనెలను పట్టుకుంది. అందరూ వాడిన రకం త్రీఎం కంపెనీ వారి నోవెక్ 7500. ఇవి ప్రకృతిలో ఎంతకీ విరగని పీఎఫ్ఏఎస్ కుటుంబానివి. పూసలను నూనె నుంచి విడదీయడానికి వాడే పర్‌ఫ్లోరో ఆక్టనాల్ కూడా ఆ కుటుంబమే. 2025 చివరికల్లా పీఎఫ్ఏఎస్ తయారీ మానేస్తామని త్రీఎం 2022 డిసెంబరులో ప్రకటించింది. పూసలోని కణానికి సౌమ్యంగా ఉండి, చెరువుకూ నీటికీ కఠినంగా ఉండే పద్ధతిని 'సౌమ్యం' అనడానికి నాకు నోరు రావడం లేదు. నూనే లేకుండా, రెండు నీటి ద్రావణాలనే ఒకదానిలో ఒకటి కలవకుండా వాడే దారి ఉంది, పాలీఇథిలీన్ గ్లైకాల్, డెక్స్‌ట్రాన్ జంటలాంటిది. కానీ ఆ రెంటి మధ్య తలతన్యత ఎంత తక్కువంటే బొట్టు దానంతట తెగదు, బయటి నుంచి కుదుపు ఇవ్వాలి. సమానతను ఇచ్చిన తలతన్యతే సౌమ్యత కోసం వదులుకోవలసి వస్తుంది. రెండు మాటలూ జంట కావని ఇంతకన్నా స్పష్టంగా కనిపించేచోటు లేదు.

ఎంత తయారవుతుందన్న లెక్క కూడా వేద్దాం. 50 మైక్రాన్ల బొట్టు ఘనపరిమాణం సుమారు 65 పికోలీటర్లు. కాలువ సెకనుకు వెయ్యి బొట్లు తెంపితే గంటకు పావు మిల్లీలీటరు కూడా రాదు. ద్రావణంలో పాలిమర్ పది శాతమైతే గంటకు దాదాపు 24 మిల్లీగ్రాముల పూసలు. నెల మోతాదు లుప్రాన్ డిపోలో 7.5 మిల్లీగ్రాముల మందుకు 66.2 మిల్లీగ్రాముల పాలిమర్ ఉంటుంది. అంటే ఒక్క కాలువకు ఒక్క రోగి ఇంజెక్షన్ మూడు గంటల పని. కవ్వం తిరిగే పాత్ర ఆ మూడు గంటల్లో ఒక ఊరికి సరిపడా చేస్తుంది.

ఈ లెక్కను కాలువలు పెంచి దాటవచ్చు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఇస్సాడోర్ బృందం 2018లో నాలుగు అంగుళాల సిలికాన్ పలక మీద 10,260 కూడళ్లు చెక్కి, పాలీకాప్రోలాక్టోన్ పూసలను గంటకు 277 గ్రాముల చొప్పున, అయిదు శాతం లోపు తేడాతో చేసింది. ఇక చిప్పు బొమ్మ కాదని ఆ పనితో తేలిపోయింది. కానీ పదివేల కాలువల్లో ఒకటి సగం పూడుకుపోతే ఏ పూస ఎక్కడిదో ఎలా పట్టుకుంటారు? మందు కంపెనీలో నాణ్యత చూసే మనిషి అడిగే మొదటి ప్రశ్న అదే, అడగాలి కూడా. నడుమ దారి కూడా ఒకటుంది. జపాన్‌లోని మియజాకి ప్రాంతంవారు 1980లలో దక్షిణ క్యూషూ అగ్నిపర్వతాల బూడిద 'షిరాసు'తో ఒకే కొలత కన్నాల గాజు పొర చేశారు. ద్రావణాన్ని ఆ పొరలోంచి నొక్కితే బొట్ల తేడా చిప్పంత తక్కువగా కాకపోయినా కవ్వం కన్నా ఎంతో నయం. కిలోల్లో పని జరుగుతుంది, బ్లేడు ఉండదు. చిప్పు, పాత్ర పోటీలో ఈ పొర పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంత చెప్పాక నా తూకం ఎటు మొగ్గుతుందో దాచను. ఒక్కో పూసా విడిగా లెక్కలోకి వచ్చేచోట చిప్పుకు సాటి లేదు. ఒక్కో కణంలోని జన్యువుల పలుకును విడిగా చదివే యంత్రాల్లో కణానికొక జెల్ పూస జతకావాలి. పూసలు మెత్తగా, ఒకే కొలతలో ఉంటే కాలువలో ఒకదాని వెనక ఒకటి ఒత్తుకుని వరసగా వస్తాయి, దాదాపు ప్రతి బొట్టులోకీ ఒకటి చేరుతుంది. కొలత తప్పితే ఆ వరస చెదిరి, బొట్లు ఖాళీగా పోతాయి. ఇక్కడ సమానత లేకపోతే పనే లేదు. ఎక్కువైతే విషమయ్యే మందులూ ఈ కోవకే వస్తాయి. హైదరాబాద్ బిట్స్ పిలానీ క్యాంపస్‌లోలాంటి మైక్రోఫ్లూయిడిక్స్ ప్రయోగశాలలు మన దగ్గరే ఉన్నాయి కనుక, పక్కనే ఉన్న మందుల పరిశ్రమ అలాంటి పనులను వాటితో పంచుకోవాలని గట్టిగా కోరుకుంటాను. గట్టి పెప్టైడ్‌ను టోకున చేసేచోట మాత్రం పాత్రనో షిరాసు పొరనో కాదని చిప్పు పెట్టమని నేను చెప్పను. ఇక 'సౌమ్యం' అన్న మాట ఎక్కడ కనిపించినా మూడు సంగతులు అడుగుతాను. ఏ ద్రావణి, ఎంతసేపు? గట్టిపరిచేది ఏమిటి? నూనె చివరికి ఎక్కడికి పోతుంది?

ప్యాంక్రియాస్ దీవుల కథ 1980తో ఆగలేదు. పూస చిన్నదైతేనే ఆక్సిజన్ లోపలిదాకా అందుతుందన్న తర్కంతో చాలాకాలం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే చేశారు. 2015లో ఒమిద్ వైసే, డానియెల్ ఆండర్సన్, లాంగర్ బృందం కొలతలు మార్చి చూసింది. ఒంటి రక్షణ వ్యవస్థ చిన్న పూసల చుట్టూ మచ్చ కణజాలం పేర్చి ఊపిరాడకుండా చేస్తోందని, ఒకటిన్నర మిల్లీమీటర్ల పూసలను చాలావరకు వదిలేస్తోందని తేలింది. ఆ పెద్ద పూసల్లో పొదిగిన ఎలుక దీవులు మధుమేహపు చిట్టెలుకల్లో చక్కెరను 180 రోజుల దాకా అదుపులో ఉంచాయి. అర మిల్లీమీటరు పూసలు నిలిచినదానికి అయిదింతలకు పైగా కాలం అది. ఆ కొలత పూసకు వెంట్రుక మందం కాలువ అక్కర్లేదు. సూది మొన నుంచి కాల్షియం నీళ్లలోకి బొట్టు బొట్టుగా రాలితే చాలు. నున్నగా, గుండ్రంగా, తెల్లగా ఉంటుంది, ఉడకని సన్న సగ్గుబియ్యం గింజంత.